ఇంటివారి సాక్ష్యం అడిగే తరగతులు: సికింద్రాబాద్‌లో క్రైస్తవ పురుషుల నాయకత్వ శిక్షణపై సమీక్ష

సికింద్రాబాద్‌లోని ఒక సంఘం శనివారం సాయంత్రాల్లో పది వారాల పాటు నిర్వహించే పురుషుల నాయకత్వ శిక్షణ తరగతులకు మొదటి నుంచి చివరి దాకా హాజరై ఈ సమీక్ష రాస్తున్నాను. సంఘం పేరు ఇక్కడ రాయడం లేదు. నేను ఎత్తిచూపబోయే లోపాలు జంటనగరాల్లో పురుషుల సహవాసం పేరుతో జరిగే చాలా కూడికల్లో ఉన్నవే కాబట్టి, వాటిని ఒక్కరి తలకు చుట్టడం న్యాయం కాదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఈ తరగతులు చేరదగినవి. నాయకుడి అధికారం కింద బతికే మనుషులు అతని గురించి ఏమంటారు అన్న ప్రశ్నను నేరుగా అడిగే ధైర్యం వీటికి ఉంది. అయితే జవాబు వచ్చాక ఏం చేయాలన్న దగ్గరికి వచ్చేసరికి ఇవి తడబడతాయి. ఆ తడబాటు చిన్నది కాదు.

రుసుము 1,500 రూపాయలు. అభ్యాస పుస్తకం, ప్రతి వారం టీ, బిస్కెట్లు అందులోనే. సాయంత్రం ఐదున్నరకు పాటతో మొదలై ఎనిమిదింటికి ప్రార్థనతో ముగుస్తుంది. మెట్రో దిగి నడిచి వెళ్లగల దూరమే. బండి పెట్టుకునే చోటు మాత్రం తక్కువ. గంటసేపు వాక్యోపదేశం అయ్యాక ఆరేడుగురు చొప్పున గుంపులుగా కూర్చోబెట్టి, ఒక్కో గుంపుకు ఒక సంఘ పెద్దను అప్పగిస్తారు. గుంపులు కట్టడంలో నిర్వాహకులు చూపిన వివేకం నాకు నచ్చింది. మాధాపూర్‌లో టీమ్ లీడ్‌గా పనిచేసే యువకుడు, రైల్వే ఉద్యోగి, పాఠశాల ప్రధానోపాధ్యాయుడు, ఆటో నడిపే సహోదరుడు మా గుంపులో ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. నాయకత్వం అంటే పెద్ద కుర్చీ అన్న భావన అక్కడే సగం సడలింది.

మొదటి తరగతి మొదటి తిమోతి 3వ అధ్యాయం. అధ్యక్షుడు, అంటే సంఘాన్ని నడిపే పెద్ద, కాగోరేవాడికి అపొస్తలుడైన పౌలు పెట్టిన అర్హతలను బోధకుడు మా చేత బోర్డు మీద వరుసగా రాయించారు: నిందారహితుడు, ఏకపత్నీ పురుషుడు, మితానుభవుడు, స్వస్థబుద్ధి గలవాడు, మర్యాదస్థుడు, అతిథిప్రియుడు, మద్యపాని గాని కొట్టువాడు గాని కానివాడు, సాత్వికుడు, జగడమాడనివాడు, ధనాపేక్ష లేనివాడు. ఇంత పట్టికలో పని నైపుణ్యం అనదగింది ఒక్కటే, బోధింపతగినవాడై ఉండడం. తక్కినవన్నీ మనిషి శీలానికి సంబంధించినవి. సంఘ వ్యవహారాలు చూసే పాస్టరేట్ కమిటీ ఎన్నికలను దగ్గరగా చూసినవారికి ఈ పట్టిక ఎంత పదునైనదో వేరే చెప్పనక్కరలేదు. అక్కడ మాటకారితనం, ఉద్యోగ హోదా, కానుకల మొత్తం, బంధుబలగం, చివరికి కులం కూడా లెక్కలోకి వస్తాయి. ఇంట్లో చేయి చేసుకుంటాడా లేదా అని ఎవరూ అడగరు.

బోధకుడు సరిగ్గా అక్కడే ఆగారు. సాధారణంగా ప్రసంగాల్లో ‘కొట్టువాడు కాక’ అన్న మాటను చదివి దాటేస్తారు. ఈయన దాని మీద అరగంట పైగా మాట్లాడారు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం తెలంగాణలో 18 నుంచి 49 ఏళ్ల మధ్య వివాహిత స్త్రీలలో దాదాపు 37 శాతం మంది భర్త చేతిలో హింసకు గురైనట్టు చెప్పారు. ఏదో ఒక కారణానికి భర్త భార్యను కొట్టడం సమంజసమేనని అన్న స్త్రీలు 80 శాతానికి మించి ఉన్నారు. ఆదివారం ముందు వరుసలో కూర్చునేవారి ఇళ్లు ఈ లెక్కకు బయట ఉన్నాయనుకోవడానికి ఆధారమేదీ లేదని ఆయన నిర్మొహమాటంగా అన్నారు. తన ఇంటిని ఏలనేరనివాడు దేవుని సంఘాన్ని ఎలా పాలిస్తాడన్న 5వ వచనం చదివి, ఇంట గెలిచి రచ్చ గెలవమన్న మన సామెతను దాని పక్కన పెట్టి, గెలవడమంటే ఇంటివారిని అణచడమని ఇన్నాళ్లూ ఎందరు అనుకున్నారో ఆలోచించమన్నారు. పురుషుల కూడికల్లో ఇంత సూటి మాట నేను అరుదుగా విన్నాను.

ఆ వారం ఇంటికి ఒక కాగితం ఇచ్చారు. పెళ్లయినవారు భార్యతో, కానివారు తల్లితో గాని అక్కచెల్లెళ్లతో గాని దాన్ని నింపించుకుని రావాలి. నేను కోపంగా ఇంటికి వచ్చినప్పుడు మీరు ఏం చేస్తారు, నాకు చెప్పడానికి జంకే సంగతులు ఉన్నాయా, ఇంటి డబ్బు లెక్క మీకు తెలుసా, నేను క్షమాపణ చెప్పగా మీరు చివరిసారి ఎప్పుడు విన్నారు, ఇలాంటి ప్రశ్నలు. జవాబులు బయటికి చదవనక్కరలేదు. నింపారా లేదా అన్నది మాత్రం గుంపు పెద్ద చూస్తారు. తర్వాతి వారం గదిలో ఉన్న మౌనాన్ని బట్టి ఆ కాగితం చాలా ఇళ్లలో తన పని తాను చేసిందని అర్థమైంది. టీమ్ లీడ్ సహోదరుడు తన భార్య రెండో ప్రశ్న కింద వెనక పేజీ దాకా రాసిందని చెప్పి, అంతకు మించి ఏమీ చెప్పలేకపోయాడు.

అయినా ఈ కాగితంలో ఒక లోపం ఉంది, నిర్వాహకులు దాన్ని తప్పక గమనించాలి. భర్తకు నిజంగా భయపడే స్త్రీ, ఆ భర్తే తీసుకుని తరగతికి మోసుకెళ్లే కాగితం మీద నిజం ఎలా రాయగలదు? ఓ మాదిరి ఇళ్లలో ఈ పద్ధతి మేలు చేస్తుంది. అసలు మందు అవసరమైన ఇంట్లో మాత్రం ఆ స్త్రీ చేత ‘అంతా బాగుంది’ అని రాయించుకుని, దాన్నే మంచితనానికి ధ్రువపత్రంగా చూపే అవకాశం ఇస్తుంది. జవాబులు మూసిన కవరులో అమ్మగారికో (పాస్టరు గారి భార్యకో), సంఘంలోని స్త్రీ పెద్దకో చేరే ఏర్పాటు ఉండాలి. వాటిని చదివినవారు భర్తకు తెలియకుండా ఆమెతో మాట్లాడగల స్థితిలో ఉండాలి.

మొత్తం పది వారాల్లో నన్ను ఎక్కువగా కదిలించింది దావీదు మీద జరిగిన తరగతి. దావీదు రాజు పాపం అనగానే అతడు వశం చేసుకున్న బత్షెబ, అతడు చంపించిన ఆమె భర్త ఊరియా గుర్తుకొస్తారు. నాతాను ప్రవక్త గద్దింపు మీద, రాజు పశ్చాత్తాపం మీద ఎన్నో ప్రసంగాలు విన్నాం. ఈ తరగతి ఆ పక్క అధ్యాయానికి వెళ్లింది. రెండవ సమూయేలు 13లో దావీదు కొడుకు అమ్నోను జబ్బు నటించి, సవతి చెల్లెలు తామారు చేతి వంట కావాలని కోరతాడు. ఆమెను ఆ ఇంటికి పంపింది దావీదే. అమ్నోను ఆమెను బలాత్కరించి, వెంటనే గెంటి తలుపు వేయిస్తాడు. సంగతి విన్న రాజు బహు రౌద్రం తెచ్చుకున్నాడని 21వ వచనం చెబుతుంది. ఆ రౌద్రం తర్వాత అతడు చేసిన పని ఏదీ ఆ అధ్యాయంలో కనబడదు. తామారును పిలిచి మాట్లాడలేదు, కొడుకును విచారించలేదు. ఆమె అన్న అబ్షాలోము ఇంట్లో పాడైన బతుకుతో ఉండిపోయింది. రెండేళ్లు గడిచాక అబ్షాలోము గొర్రెల బొచ్చు కత్తిరించే వేడుకలో అమ్నోనును చంపించాడు. కొన్నేళ్లకు తండ్రి మీదే తిరగబడ్డాడు. మొదటి రాజులు 1వ అధ్యాయంలో మరో కొడుకు అదోనీయా గురించి చెబుతూ, ‘నువ్వు ఇలా ఎందుకు చేశావు’ అని తండ్రి అతణ్ని ఎన్నడూ అడిగి నొప్పించలేదని రాసి ఉన్న వచనాన్ని కూడా బోధకుడు జోడించారు.

గుంపులకు ఇచ్చిన ప్రశ్న ఒక్కటే: కోపం వచ్చింది సరే, రాజు ఏం చేయాల్సింది? మా బల్ల దగ్గర చర్చ మొదట ఇంటి పరువు చుట్టూ, సింహాసనం చుట్టూ తిరిగింది. ప్రధానోపాధ్యాయుడు తన అనుభవం చెప్పారు: ఇలాంటి ఫిర్యాదు వస్తే గదిలో మొదట వినబడే మాట బడి పేరు గురించే ఉంటుందట. అప్పటి దాకా పెద్దగా మాట్లాడని ఆటో సహోదరుడు, “అందరం రాజు గురించే మాట్లాడుతున్నాం గానీ, ఆ అమ్మాయికి ఏం కావాలో ఎవరైనా అడిగారా అన్నా?” అన్నాడు. ఆ తర్వాత చర్చ దారి పూర్తిగా మారింది. మన సినిమాలు, మన పెద్దమనుషుల పంచాయితీలు కోపాన్నే పౌరుషంగా చూపించి చూపించి మన కళ్లకు అలవాటు చేశాయి. దావీదుకు కోపం తక్కువ కాలేదు. తన పాత పాపాన్ని కొడుకు ఎత్తిపొడుస్తాడేమోనన్న జంకు అతన్ని ఆపి ఉండవచ్చని మా గుంపు పెద్ద అన్నారు. వాక్యం ఆ కారణం చెప్పదు, కానీ ఊహ సహేతుకంగానే ఉంది. నాయకుడి దాచిన బలహీనత అతని కింద ఉన్నవారికి న్యాయం దక్కకుండా చేస్తుందన్న సంగతిని ఇంత స్పష్టంగా చూపిన పాఠం మరొకటి నాకు తెలియదు. ఈ ఒక్క సాయంత్రం కోసమైనా రుసుము కట్టవచ్చు.

నెహెమ్యా, బోయజు మీద జరిగిన తరగతులు దీని తర్వాత చెప్పదగినవి. నెహెమ్యా 5వ అధ్యాయంలో అతడు 12 సంవత్సరాలు అధికారిగా ఉండి, అధికారికి రావలసిన ఆహారపు రాబడిని ముట్టలేదు. అంతకు ముందున్న అధికారులు జనుల దగ్గర ఆహారం, ద్రాక్షారసం కాక 40 తులాల వెండి కూడా పుచ్చుకున్నారని, వారి పనివారు సైతం జనుల మీద పెత్తనం చేశారని అతడు రాసుకున్నాడు. ఆ పనివారి ప్రస్తావన దగ్గర బోధకుడు దైవసేవకుల చుట్టూ చేరే మనుషుల గురించి, అయ్యగారి (పాస్టరు గారి) పేరు చెప్పి అజమాయిషీ చేసేవారి గురించి కొంచెం మాట్లాడి వదిలేశారు, ఇంకొంచెం మాట్లాడాల్సింది. బోయజు పాఠం మాత్రం మన నగరానికి సరిగ్గా అతికింది. రూతు 2వ అధ్యాయంలో ఆ పొలం యజమాని తన పనివారికి ఆమెను ముట్టకూడదని ముందే ఆజ్ఞాపించాడు, అవమానపరచవద్దన్నాడు, దాహం వేస్తే పనివారు చేదిన నీళ్లు తాగమన్నాడు, భోజనానికి పిలిచాడు. పరాయి దేశం నుంచి వచ్చిన విధవరాలు ఫిర్యాదు చేసేదాకా అతడు ఆగలేదు. హైటెక్ సిటీలో రాత్రి షిఫ్టు ముగించి క్యాబ్ ఎక్కే ఆడపిల్లకు మేనేజరుగా ఉన్నవాడు బోయజు దగ్గర నేర్చుకోవలసింది ఇదేనని బోధకుడు అన్నప్పుడు, టీమ్ లీడ్‌లుగా పనిచేసేవారు పుస్తకాల్లో రాసుకోవడం చూశాను.

అభ్యాస పుస్తకం ఆ స్థాయిలో లేదు. పాఠాలు తెలుగులోనే ఉన్నా, ఉదాహరణలు ఎక్కువగా అమెరికా ఫుట్‌బాల్ శిక్షకులవి, సైనికాధికారులవి. కొండలెక్కడం, వేటాడడం పురుషుడి సహజ స్వభావమన్నట్టు రాసిన పేజీలు మౌలాలిలోనో బోయిన్‌పల్లిలోనో రెండు గదుల ఇంట్లో ముసలి తల్లిదండ్రులను చూసుకుంటూ బతికే మగవాడికి ఏం చెబుతాయి? మన నేలలో ఇంతకంటే మంచి సాక్ష్యాలున్నాయి. 1912లో భారతీయులలో మొట్టమొదటి ఆంగ్లికన్ బిషప్‌గా అభిషేకం పొందిన వి.ఎస్. అజరయ్య గారు దోర్నకల్ కేంద్రంగా 1945లో మరణించేదాకా తెలుగు పల్లెల మధ్య పనిచేశారు. 1910 ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో, పాలకజాతికి చెందిన మిషనరీల ముఖం మీద, మీ త్యాగాలకు కృతజ్ఞులమే గాని మాకు స్నేహితులు కావాలని అడిగిన మనిషి ఆయన. అధికారం ఎదుట గౌరవం తప్పకుండా నిజం చెప్పడం పురుషుడి గుణమని నేర్పడానికి అంతకు మించిన పాఠం ఉంటుందా? అలాగే గోల్కొండ క్రాస్ రోడ్స్ దగ్గరి హెబ్రోను కేంద్రంగా సేవ చేసి, 2000 సెప్టెంబరులో ఈ నగరంలోనే కన్నుమూసిన భక్త్‌సింగ్ గారు, సంఘాన్ని ఒక్క మనిషి చేతిలో పెట్టకుండా పెద్దల సమూహానికి అప్పగించే పద్ధతిని పాటించారు. ఒక్కడి మీదే అంతా నడిచే సంఘాలు పెరిగిపోతున్న ఈ రోజుల్లో ఆ పద్ధతిలోని బలాలు, కష్టాలు రెండూ చర్చించదగినవి. తరగతిలో ఈ ఇద్దరికీ కలిపి పావుగంట దక్కింది.

పవిత్రత మీద జరిగిన తరగతి అన్నిటికంటే బలహీనంగా నడిచింది. 1948లో కాలిఫోర్నియాలోని మొడెస్టో పట్టణంలో అమెరికా సువార్తికుడు బిల్లీ గ్రాహం, ఆయన సహచరులు డబ్బు విషయంలో, స్త్రీల విషయంలో, హాజరు లెక్కలు పెంచి చెప్పడం విషయంలో తమకు తాము కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నారు. వాటిలో భార్య కాని స్త్రీతో ఒంటరిగా ఉండకూడదన్న నియమం ప్రసిద్ధి చెందింది. బోధకుడు డబ్బు కట్టుబాటును, అంకెల కట్టుబాటును ఒక్క వాక్యంలో ముగించి, తక్కిన సమయమంతా ఈ నియమానికే ఇచ్చారు. ఊరూరా తిరిగే సువార్తికుడికి ఆ జాగ్రత్త మంచిదే కావచ్చు. కానీ ఆఫీసులో స్త్రీ ఉద్యోగి పనితీరును ఆమెతో విడిగా కూర్చుని చర్చించాల్సిన మేనేజరు ఈ నియమం పాటిస్తే నష్టపోయేది ఆమె. మగ సహోద్యోగులకు దక్కే సలహా, చనువు, ఎదుగుదల ఆమెకు దక్కవు. యేసు సమరయ స్త్రీతో బావి దగ్గర ఒంటరిగా మాట్లాడాడు, శిష్యులు వచ్చి ఆశ్చర్యపడ్డారని యోహాను 4వ అధ్యాయంలోనే ఉంది. తలుపు తెరిచి ఉంచడం, అద్దాల గదిలో కలవడం వంటి జాగ్రత్తలు ఇద్దరినీ కాపాడతాయి. స్త్రీని ప్రమాదంగా చూసే జాగ్రత్త పురుషుడి పేరును మాత్రమే కాపాడుతుంది. ఈ సంగతి మా గుంపులో ఒకరు లేవనెత్తినా, బోధకుడి దాకా చేరలేదు.

దీనికి మూలం ఆ గదిలోనే ఉందని నా అభిప్రాయం. పది వారాల్లో ఒక్క స్త్రీ కూడా బోధించలేదు, సాక్ష్యం చెప్పలేదు. ఇంటికి పురుషుడే శిరస్సు, అంటే పెద్ద, అన్న బోధను అంగీకరించే సంఘమైనా, భిన్నంగా నమ్మే సంఘమైనా, పురుషుడి ప్రవర్తన గురించి స్త్రీల మాట వినడానికి అభ్యంతరం ఉండకూడదు. దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) 2013లో నంద్యాల అధ్యక్ష మండలానికి పుష్పలలిత గారిని తన మొదటి మహిళా బిషప్‌గా అభిషేకించింది. తెలుగు క్రైస్తవులకు స్త్రీ నాయకత్వం పరాయి సంగతి కాదు. న్యాయాధిపతులు 4లో సేనాని బారాకు, ప్రవక్త్రి దెబోరా తోడు రాకపోతే యుద్ధానికి వెళ్లనన్నాడు. అతణ్ని పిరికివాడని ఎగతాళి చేసే ప్రసంగాలు విన్నాను, కానీ హెబ్రీయులకు రాసిన పత్రిక 11వ అధ్యాయం విశ్వాసవీరుల వరుసలో పేరు పెట్టి చెప్పింది బారాకునే. స్త్రీ నోట వచ్చిన దేవుని మాటకు లోబడి నడిచిన మగవాడి గురించి ఒక పాఠం ఈ తరగతుల్లో ఉండవలసింది.

ఇక జవాబు వచ్చాక ఏం చేయాలన్న ప్రశ్న. తొమ్మిదో వారం పతనమైన నాయకుల గురించి మాట్లాడుతూ బోధకుడు ప్రపంచమంతా పేరున్న క్రైస్తవ వక్త రవి జకారియాస్ ఉదంతాన్ని ప్రస్తావించారు. 2020లో ఆయన మరణించాక, ఆయన స్థాపించిన సంస్థే నియమించిన విచారణ 2021 ఫిబ్రవరిలో లైంగిక దుష్ప్రవర్తనను నిర్ధారించింది. ముందే వచ్చిన ఆరోపణను నమ్మకుండా ఆయనను వెనకేసుకొచ్చామని ఆ సంస్థ పాలకమండలి కూడా అంగీకరించింది. బోధకుడు దీని నుంచి తీసిన పాఠం, ప్రతి పురుషుడూ తన రహస్య జీవితాన్ని ఒప్పుకునేందుకు ఒక నమ్మకమైన సహోదరుణ్ని వెతుక్కోవాలని. అది అవసరమే, కానీ అబద్ధం చెప్పదలచినవాడు ఆ సహోదరుడికి కూడా అబద్ధమే చెబుతాడు. ఆ ఉదంతంలో లోపించింది ఫిర్యాదు చేసిన స్త్రీ మాటను స్వతంత్రంగా వినే ఏర్పాటు. మన దేశంలో పనిచోట స్త్రీలపై లైంగిక వేధింపులను నిరోధించే 2013 చట్టం ప్రకారం పది మందీ అంతకు మించీ పనిచేసే చోట ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి. దాని అధ్యక్షురాలు స్త్రీ కావాలి, సభ్యుల్లో సగానికి తగ్గకుండా స్త్రీలుండాలి, బయటి సభ్యులు ఒకరుండాలి. బడులు, ఆసుపత్రులు, ట్రస్టులు నడిపే క్రైస్తవ సంస్థలకు కూడా ఇది వర్తిస్తుంది. గృహహింస నుంచి స్త్రీలకు రక్షణ కల్పించే చట్టం 2005లోనే వచ్చింది. 181 నంబరుకు ఏ స్త్రీ అయినా ఫోన్ చేయవచ్చు. నాయకత్వం నేర్పే తరగతుల్లో ఈ రెండు చట్టాల ప్రస్తావన రాలేదు. ఒక సహోదరుడు గుంపులో ఇంట్లో చేయి చేసుకుంటున్నానని కన్నీళ్లతో ఒప్పుకున్నప్పుడు, మా పెద్ద అతని కోసం ఎంతో ప్రేమతో ప్రార్థించారు. ఇంట్లో ఉన్న ఆమె ఆ రాత్రి క్షేమంగా ఉందో లేదో కనుక్కునే బాధ్యత ఎవరిదో మాత్రం ఆయనకు ఎవరూ నేర్పలేదు.

గుంపు పెద్దల నాణ్యత ఒకేలా ఉండదన్న సంగతి కూడా చేరబోయేవారు తెలుసుకోవాలి. మా పెద్ద వినేవారు. పక్క బల్ల పెద్ద గంటలో ముప్పావు వంతు తానే మాట్లాడేవారు. పెళ్లి కాని యువకులకు, కొత్తగా సంఘ పెద్దలైనవారికి, ఆఫీసులో మొదటిసారి నలుగురి మీద అధికారం వచ్చినవారికి ఈ తరగతులు ఎక్కువ ఉపయోగపడతాయి. చేయి చేసుకునే అలవాటు ఉన్నవారికి ఇవి చాలవు. వారు శిక్షణ పొందిన కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాలి, భార్యాపిల్లల భద్రత అంతకంటే ముందు చూడాలి.

తర్వాతి విడత ఈస్టర్ పండుగ తర్వాత మొదలవుతుందని ప్రకటించారు. నా సూచనలు రాతపూర్వకంగా నిర్వాహకులకు ఇచ్చాను. అభ్యాస పుస్తకం మార్చడం ఇప్పట్లో కుదరదన్నారు, ఒక స్త్రీ బోధకురాలిని పిలిచే విషయం కమిటీలో పెడతామన్నారు. పేరు నమోదు చేసుకునేవారు డబ్బు కట్టే ముందే వారిని ఒక మాట అడగండి: ఇంటికి పంపే కాగితంలో మా ఇంటివారు నిజం రాస్తే, దాన్ని చదివి వారి దగ్గరికి వెళ్లేది ఎవరు?